గుంటలు, పేర్లు, బ్యాకప్‌లు: గండిపేట భూమి రికార్డులతో డేటాబేస్ నిర్వహణ

డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అంటే రాత్రిపూట బ్యాకప్ తీసే మనిషి అని చాలామంది అనుకుంటారు. అసలు ఆ ఉద్యోగం మోసేది రెండే ప్రశ్నలు. ఈ వరుసలో ఉన్న సమాచారం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు మార్చారు? రేపు పొద్దున ఇదంతా పోతే నిన్నటిదాన్ని తిరిగి తేగలమా? ఈ రెంటికీ జవాబు చెప్పలేని డేటాబేస్ ఎంత వేగంగా నడిచినా దాన్ని నమ్ముకోలేం.

గండిపేటలో సీబీఐటీ, ఎంజీఐటీ కాలేజీలున్నాయి. పక్కనే కోకాపేట, నానక్‌రాంగూడ ఆఫీసులు. మన ఇళ్లలో సాఫ్ట్‌వేర్ చదివిన పిల్లలు లేని గల్లీ ఇప్పుడు తక్కువే. ఆఫీసులో వాళ్లు పెద్ద కంపెనీల డేటాబేస్‌లు చూస్తారు. ఇంటికొస్తే మస్జిద్ కమిటీ పెద్దాయన పిలుస్తారు: "బేటా, బైతుల్‌మాల్ లెక్కలు, ఖబ్రస్తాన్ కాగితాలు కాస్త కంప్యూటర్లో ఎక్కించి పెట్టు." ఈ రెండో పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ, తప్పు జరిగితే సరిదిద్దడానికి అక్కడ వేరే టీమ్ ఉండదు. అందుకే ఈ వ్యాసంలో ఉదాహరణలన్నీ భూమి, వక్ఫ్ రికార్డుల నుంచే తీసుకుంటున్నాం. ఆ పద్ధతులు ఆఫీసు పనికీ అంతే వర్తిస్తాయి.

ఎకరాలు దశాంశాలు కావు

పహాణీలోనో పాస్‌బుక్‌లోనో విస్తీర్ణం 2.38 అని ఉంటుంది. అంటే 2 ఎకరాల 38 గుంటలు. ఎకరానికి 40 గుంటలు. కొత్తగా చేరిన ప్రోగ్రామర్ దాన్ని దశాంశ సంఖ్య అనుకొని డెసిమల్ కాలమ్‌లో పెట్టేస్తాడు. ఇంకో ముక్క 1.05 ఉంటే, కంప్యూటర్ రెండూ కూడి 3.43 అంటుంది. నిజమైన జవాబు 4 ఎకరాల 3 గుంటలు. ఇంకా ప్రమాదకరమైనది మరొకటి: 2.10 అని టైప్ చేస్తే ఎక్సెల్ చివరి సున్నా తీసేసి 2.1 చేస్తుంది. పది గుంటలు కాస్తా చూసేవాళ్లకి ఒక్క గుంట అయిపోతుంది. గుంట అంటే 121 చదరపు గజాలు. తొమ్మిది గుంటల తేడా అంటే 1,089 గజాలు. కోకాపేట వైపు అంత జాగా విలువ ఎంతో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

పరిష్కారం సులువే. విస్తీర్ణాన్ని మొత్తం గుంటల్లోకి మార్చి నిల్వ చేయండి, చూపించేటప్పుడు ఎకరాలు గుంటలుగా విడదీయండి. 2.38 అయితే 118 గుంటలు. గుంటలో భాగాలు కూడా వస్తాయి కాబట్టి ఆ కాలమ్‌కి కచ్చితమైన దశాంశ రకం వాడాలి, ఫ్లోట్ వాడకూడదు. దాంతోపాటు, కాగితం మీద ఎలా రాసి ఉందో అలాగే ఇంకో కాలమ్‌లో అక్షరాలుగా ఉంచండి. రేపు వివాదం వస్తే చూపించాల్సింది ఆ రెండోదే.

సర్వే నంబర్ కూడా అంకె కాదు. 105/అ, 105/ఆ, 12/5 అని ఉంటాయి. 12/5ని ఎక్సెల్‌లో టైప్ చేసి చూడండి, అది తారీఖుగా మారిపోతుంది. ఫైల్ దిగుమతి చేసేముందు ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టకపోతే, ఎన్ని సర్వే నంబర్లు మే నెలలోకో డిసెంబర్‌లోకో వెళ్లిపోయాయో ఎవరూ చెప్పలేరు.

ఊరు అక్కడే ఉంటుంది, మండలం మారుతుంది

2016 అక్టోబర్ 11న తెలంగాణలో జిల్లాలు పది నుంచి 31 అయ్యాయి, తర్వాత 33. అప్పుడే రాజేంద్రనగర్ మండలం నుంచి విడదీసి గండిపేట మండలం చేశారు. కోకాపేటలో భూమి పాత దస్తావేజులో రాజేంద్రనగర్ మండలం అని ఉంటుంది, కొత్తదాంట్లో గండిపేట మండలం. 1985లో మండలాలు రాకముందు తాలూకాలు. ఇంకా వెనక్కి పోతే, నిజాం కాలంలో హైదరాబాద్ చుట్టూ అత్రాఫె బల్దా అనే జిల్లా.

ఒకే నేలకి ఇన్ని చిరునామాలు. జిల్లా, మండలం పేర్లు కలిపి ప్రైమరీ కీ చేసుకున్నవాళ్లకి 2016లో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. కీ అనేది ఏ అర్థం లేని అంకె అయి ఉండాలి. ఊరికి కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్ దొరుకుతుంది, దాన్ని పక్కన రాసుకోండి. ఊరు ఏ మండలంలో ఉంది అనేది వేరే టేబుల్‌లో, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా అని ఉండాలి. ఆఫీసులో ఇదే సమస్య బ్రాంచ్ కోడ్‌ల రూపంలో, బ్యాంకుల విలీనంలో మారే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌ల రూపంలో ఎదురవుతుంది.

తారీఖుల సంగతీ ఇంతే. పాత కాగితాల్లో ఫస్లీ సంవత్సరం ఉంటుంది, మున్తఖబ్‌లలో హిజ్రీ ఉండొచ్చు. హైదరాబాద్ జాగీర్ల రద్దు రెగ్యులేషన్ పేరులోనే 1358 ఫస్లీ ఉంది. అది 1949 ఆగస్టులో వచ్చింది. ఫస్లీ ఏడు రెండు ఇంగ్లిష్ సంవత్సరాల మీద పడుతుంది కాబట్టి, దాన్ని ఒక్క తారీఖుగా మార్చి పెట్టడం అంటే లేని కచ్చితత్వాన్ని పుట్టించడమే. కాగితం మీద ఉన్నది ఒక కాలమ్, మనం లెక్కగట్టిన మొదటి తారీఖు, చివరి తారీఖు రెండు కాలమ్‌లు. స్థలం ఖర్చు అనుకోవద్దు, కొన్ని బైట్లే.

మన పేర్లు కంప్యూటర్‌కి ఎందుకు అర్థం కావు

పేర్ల దగ్గర మన కుటుంబాలు పడే తిప్పలు అందరికీ తెలిసినవే. ఆధార్‌లో మహమ్మద్, పాస్‌బుక్‌లో ఎం.డి., సర్టిఫికెట్‌లో మొహమ్మద్. సయ్యద్ మొదట వస్తే ఒక రికార్డు, చివర వస్తే ఇంకో రికార్డు. "ఇంటిపేరు తప్పనిసరి" అని ఫారంలో పెట్టే ప్రోగ్రామర్ ఎవరో మరి, ఇంటిపేరే లేని మనిషిని చుక్క పెట్టమంటాడు. ఆ చుక్క పాస్‌పోర్ట్ దాకా వెంటపడుతుంది. పేరు కోసం ఒకే ఒక పొడవాటి కాలమ్ ఉంచి, వేరే రూపాలన్నీ ఇంకో టేబుల్‌లో ఏ కాగితంలో ఎలా ఉందో దాని ప్రకారం రాసుకోవడం మేలు. వెతకడం ఆ టేబుల్ మీద జరగాలి. మనిషిని గుర్తించే పని మాత్రం పేరు మీద పెట్టుకోవద్దు.

ఇందులో సాంకేతిక లోతు కూడా ఉంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరం 1 బైట్, ఉర్దూ అక్షరం 2 బైట్లు, తెలుగులో ప్రతి కోడ్ పాయింట్ 3 బైట్లు. పొల్లు, గుణింతం గుర్తు కూడా విడిగా ఒక్కో కోడ్ పాయింటే. ఉర్దూలో నాలుగు అక్షరాలతో రాసే "మహమ్మద్" 8 బైట్లలో సరిపోతుంది, తెలుగులో అదే పేరు 7 కోడ్ పాయింట్లు, 21 బైట్లు. ఒరాకిల్‌లో వర్‌చార్2 30 అని రాస్తే, సెట్టింగ్ మార్చనంతవరకు అది 30 బైట్లు. తెలుగులో పది కోడ్ పాయింట్లు దాటిన పేరు అందులో పట్టదు. "30 క్యారెక్టర్లు" అని స్పష్టంగా రాయాలి. పోస్ట్‌గ్రెస్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో ఆ అంకె అక్షరాలనే లెక్కిస్తుంది. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు.

కంటికి ఒకటిగా కనిపించి, కంప్యూటర్‌కి రెండుగా ఉండే అక్షరాలు ఇంకో ఇబ్బంది. ఉర్దూలో అరబీ కీబోర్డుతో కొట్టిన 'యే', ఉర్దూ కీబోర్డుతో కొట్టిన 'యే' చాలా చోట్ల ఒకేలా కనిపిస్తాయి, వాటి కోడ్‌లు వేరు. 'కాఫ్' కూడా అంతే. తెలుగులో పొల్లు తర్వాత కంటికి కనబడని నాన్-జాయినర్ గుర్తు దూరుతుంది. వెతికితే మనిషి దొరకడు, దాంతో కొత్తగా ఎక్కిస్తారు. ఒక్క వితంతువు పేరు మీద రెండు వరుసలు, లేదంటే అసలు జాబితాలోనే లేకపోవడం, రెండూ ఇలాగే జరుగుతాయి. డేటా లోపలికి వచ్చే దగ్గరే వీటిని ఒక రూపానికి తెచ్చే ఫంక్షన్ ఒకటి రాసి, వెతికే కాలమ్‌కి అది తప్పనిసరి చేయండి.

పాత ఫైళ్లు కొన్ని అను ఫాంట్లలో కొట్టినవి, ఉర్దూవైతే పాత ఇన్‌పేజ్‌లో చేసినవి. అవి యూనికోడ్ కావు. కాపీ చేసి పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్‌తో మార్చాక వందలో కనీసం ఐదు కాగితాలు మనిషి కూర్చొని సరిచూడాలి. ఈ పనికి ప్లాన్‌లో రోజులు రాసుకోనివాళ్లు చివరికి సరిచూడకుండానే ఎక్కించేస్తారు.

దిద్దుబాటు అంటే చెరిపేయడం కాదు

మణికొండ హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా భూమి కేసు మన పాఠకులకి కొత్త కాదు. 1989 గెజిట్‌లో ఆ దర్గా కింద చూపించిన విస్తీర్ణం 5,506 చదరపు గజాలు. 2006లో వచ్చిన సవరణ నోటిఫికేషన్‌లో 1,654 ఎకరాల 32 గుంటలు. సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 7న రాష్ట్ర ప్రభుత్వం వైపు తీర్పు ఇచ్చింది. తీర్పులో చర్చకు వచ్చిన న్యాయ విషయాలు వేరే వ్యాసానికి సరిపడేంత ఉన్నాయి, అవి ఇక్కడ వదిలేద్దాం. డేటాబేస్ మనిషి మాత్రం ఒక సంగతి గమనించాలి. ఒకే ఆస్తికి రెండు కొలతలు, వాటి మధ్య 17 ఏళ్లు. ఇలాంటి చోట పాత అంకె మీద కొత్త అంకె రాసేస్తే, మార్పుకి ఆధారం అడిగిన రోజున మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

కాబట్టి ముఖ్యమైన టేబుల్‌కి పక్కనే చరిత్ర టేబుల్ ఉండాలి. పాత విలువ, కొత్త విలువ, మార్చిన లాగిన్, సమయం, ఏ కాగితం ఆధారంగా అన్న వివరం. ట్రిగ్గర్‌తో రాయించండి, మనిషి గుర్తుపెట్టుకొని రాస్తాడని నమ్మకండి. ఆ చరిత్ర టేబుల్‌లో కొత్త వరుస చేర్చే హక్కు తప్ప మార్చే హక్కు, తీసేసే హక్కు అప్లికేషన్ లాగిన్‌కి ఇవ్వకూడదు. ఆధారం కాలమ్ ఖాళీగా ఉంటే డేటాబేసే ఒప్పుకోకూడదు. గుమాస్తా విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఇంకో మెట్టు, ఎక్కించేవాడు, సరిచూసేవాడు, ఆమోదించేవాడు ముగ్గురూ వేరు కావడం. కేంద్రం తెచ్చిన వక్ఫ్ ఉమీద్ పోర్టల్‌లో ఈ మూడు అంచెల పద్ధతే ఉంది. ఆ చట్టం మీద ఎవరి అభిప్రాయం వాళ్లకి ఉండొచ్చు, ఈ పద్ధతి మాత్రం చిన్న కమిటీకి కూడా పనికొస్తుంది.

పాత రిజిస్టర్ నుంచి కొత్త టేబుల్‌కి

ధరణి పోర్టల్ 2020 అక్టోబర్ 29న మొదలైంది. అంతకుముందు 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగింది, వివాదం లేనివి పార్ట్ ఏ, ఉన్నవి పార్ట్ బీ అన్నారు. పార్ట్ బీలో పడ్డవాళ్ల పాస్‌బుక్‌లు ఆగిపోయాయి. పాత పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ ధరణిలో లేకుండా పోయింది. పేరులో అక్షరం తప్పు, విస్తీర్ణంలో గుంటలు తక్కువ, నిషేధిత జాబితాలో పొరపాటున చేరిక, ఇలాంటివాటి కోసం ఊళ్ల నుంచి కలెక్టరేట్ దాకా తిరిగినవాళ్లు చేవెళ్ల, మొయినాబాద్ వైపూ ఉన్నారు. 2024 చివర్లో నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి ఎన్‌ఐసీ చేతికి వెళ్లింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది.

రాజకీయం పక్కనపెడితే, డేటా తరలింపు చేసే ప్రతి ఒక్కరికీ ఇందులో నేర్చుకునేది ఉంది. కొత్త నమూనాలో పట్టని వరుసలు ఎప్పుడూ ఉంటాయి. వాటిని పారేయకూడదు, ఆపేసి మర్చిపోనూ కూడదు. తరలించే ముందే "ఇమడనివి" అని ఒక టేబుల్ చేసి, ప్రతిదానికీ ఎందుకు ఇమడలేదో కారణం, చూడాల్సిన మనిషి, గడువు రాయాలి. పాత టేబుల్‌లో ఉన్న కాలమ్ కొత్తదాంట్లో అక్కర్లేదు అనిపిస్తే కనీసం చదవడానికి వీలుగా భద్రపరచాలి. తరలించాక వరుసల లెక్క ఒక్కటే చూస్తే చాలదు. ఊరి వారీగా విస్తీర్ణం మొత్తం పాతదాంట్లో ఎంత, కొత్తదాంట్లో ఎంత అని పోల్చాలి. పైన చెప్పిన గుంటల తప్పు అక్కడే దొరికిపోతుంది. తప్పు దిద్దించుకునే దారి మొదటి రోజే తెరిచి ఉండాలి. ప్లాన్‌లో చాలామంది వదిలేసేది ఇదే.

బ్యాకప్ ఉంది అనడం వేరు, తిరిగి తేవడం వేరు

గిట్‌ల్యాబ్ అనే పెద్ద కంపెనీ కథ ప్రతి డీబీఏ తెలుసుకోవాల్సింది. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజనీరు ఒకరు రెండో సర్వర్ మీద ఉన్నాననుకొని అసలు సర్వర్ మీద డేటా ఫోల్డర్ తీసేశారు. సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, బ్యాకప్ ఉందిగా అని చూస్తే, రోజూ తీయాల్సిన డంప్ ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6, డంప్ తీసే టూల్ వెర్షన్ 9.2. రోజూ ఫెయిల్ అవుతూనే ఉంది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లు కూడా రావట్లేదు, వాటిని మెయిల్ సర్వర్ తిరస్కరించింది. ఆరు గంటల ముందు ఆ ఇంజనీరే వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల డేటా పోయింది. వాళ్లు ఇదంతా దాచకుండా బయటికి చెప్పారు, అది వాళ్ల గొప్పదనం.

2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియా డేజోన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలొచ్చాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు కాలిపోయాయి, బయట ఇంకో కాపీ లేదు. మరీ పెద్దది కాబట్టి బ్యాకప్ తీయలేదన్నారు.

ఈ రెండు కథల తర్వాత వేసుకోవాల్సిన ప్లాన్ ఇది. ముందు పని అప్పగించినవాళ్లని రెండు అంకెలు అడగండి. ఎంతసేపటి డేటా పోయినా తట్టుకుంటారు? దాన్ని ఆర్‌పీఓ అంటారు. ఎంతసేపు సిస్టమ్ ఆగినా ఫర్వాలేదు? అది ఆర్‌టీఓ. (లైసెన్స్ ఇచ్చే ఆఫీసు కాదు.) "ఏమీ పోకూడదు, ఆగకూడదు" అనే అంటారు. దానికయ్యే ఖర్చు చెప్పండి, అప్పుడు నిజమైన అంకె బయటికొస్తుంది. మదర్సా అడ్మిషన్ల రిజిస్టర్‌కి ఒక రోజు పోయినా కాగితం రసీదుల నుంచి ఎక్కించుకోవచ్చు, రాత్రి డంప్ చాలు. ఆన్‌లైన్ చందాలు తీసుకునే చోట ఐదు నిమిషాలు పోయినా డబ్బు గొడవ. అక్కడ రోజువారీ పూర్తి కాపీతో పాటు పోస్ట్‌గ్రెస్‌లో వాల్ ఫైళ్లు, మైఎస్‌క్యూఎల్‌లో బిన్‌లాగ్ ఎప్పటికప్పుడు వేరే చోటికి పంపాలి. అప్పుడు ఫలానా రోజు మధ్యాహ్నం 2.14 దగ్గరికి వెనక్కి వెళ్లగలుగుతారు.

రెప్లికా ఉందిగా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది సర్వర్ చెడిపోతే పనికొస్తుంది. వేర్ షరతు మర్చిపోయి డిలీట్ కొడితే, సెకన్లలో రెప్లికాలో కూడా అంతా పోతుంది. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే భవనంలో అన్న పాత సూత్రమే ఇప్పటికీ సరైనది. మస్జిద్ కంప్యూటర్, దాని పక్కనే బీరువాలో హార్డ్ డిస్క్ ఉంటే, నీళ్లొచ్చినా నిప్పొచ్చినా రెండూ కలిసే పోతాయి.

నెలకోసారి తిరిగి తెచ్చి చూడండి. ఖాళీ మెషీన్ మీద బ్యాకప్ ఎక్కించి, వరుసల లెక్క, చివరి రసీదు నంబర్, గుర్తున్న రెండు మూడు రికార్డులు సరిచూసి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసిపెట్టుకోండి. గిట్‌ల్యాబ్‌లో కాపీ దొరికాక కూడా దాన్ని మోసుకురావడానికే 18 గంటల దాకా పట్టింది, డిస్కులు అంత నెమ్మది. ఆ అంకె మీకు ముందే తెలిసి ఉండాలి. "బ్యాకప్ ఫెయిల్ అయింది" అనే మెయిల్‌ని నమ్ముకోకండి. "అయింది, సైజు ఇంత" అని రోజూ ఒక సందేశం రావాలి. ఏ రోజు రాకపోతే ఆ రోజు అనుమానించాలి.

ఉస్మాన్‌సాగర్ గేట్లు, గడువు చివరి రోజు

1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్‌కి పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు. గేట్లు ఎత్తేవాళ్లు అది పూర్తిగా నిండేదాకా ఆగరు. పైనుంచి వచ్చే నీరు చూసి ముందే వదులుతారు. డిస్క్ కూడా అలాగే చూసుకోవాలి. 70 శాతానికి హెచ్చరిక, 85కి పని మొదలు. డిస్క్ నిండితే చాలా డేటాబేస్‌లు రాయడం ఆపేస్తాయి, కొన్ని ఆగిపోతాయి.

లెక్క కాగితం మీద వేయొచ్చు. వరుస 1 కేబీ, రోజుకి 20 వేల వరుసలు అంటే రోజుకి 20 ఎంబీ, ఏడాదికి 7 జీబీ పైన. ఇండెక్సులు, లాగులు, బ్యాకప్ స్థలం కలిపి మూడింతలు అనుకోండి. స్కాన్ చేసిన కాగితాలే అసలు బరువు. పది వేల ఫైళ్లు, ఒక్కోటి ఐదు పేజీలు, పేజీ 500 కేబీ అయితే 25 జీబీ. వాటిని టేబుల్‌లో కుక్కకుండా విడిగా ఉంచి, టేబుల్‌లో దారి, హ్యాష్ విలువ మాత్రం పెట్టండి. ఎవరైనా స్కాన్‌ని మార్చి పెడితే హ్యాష్ పట్టిస్తుంది.

రద్దీ మాత్రం సగటు లెక్కకి లొంగదు. ఉమీద్ పోర్టల్ 2025 జూన్ 6న మొదలై, వివరాలు ఎక్కించడానికి ఆరు నెలల గడువు ఇచ్చింది. చివరి రోజుల్లో పోర్టల్ నెమ్మదించిందని, ఎక్కించినవి సేవ్ కావట్లేదని ముతవల్లీలు దేశమంతా మొత్తుకున్నారు. గడువు ఉన్న ఏ ఫారమైనా ఇంతే, ఎప్‌సెట్ దరఖాస్తులైనా, స్కాలర్‌షిప్‌లైనా. చివరి మూడు రోజుల రద్దీకి సరిపడా పరీక్ష చేసి చూడాలి. కనెక్షన్ పూల్ పెట్టాలి. సగం నింపిన ఫారం డ్రాఫ్ట్‌గా నిలవాలి. స్కాన్‌ల అప్‌లోడ్‌ని డేటాబేస్ ట్రాన్సాక్షన్ బయట పెట్టాలి. ఎక్కించేవాళ్లకి మాత్రం ఒకే మాట: చివరి వారం దాకా ఆగొద్దు, రసీదు పేజీ ప్రింట్ తీసుకోండి.

తాళాలు ఎవరి దగ్గర

జకాత్ ఎవరికి ఇచ్చారో తెలిపే జాబితా అంటే ఊళ్లో పేదవాళ్ల పరువు. అది అమానత్. కమిటీలో అందరికీ పూర్తి జాబితా చూసే హక్కు అక్కర్లేదు. లెక్కలవాళ్లకి మొత్తాలు కనిపిస్తే చాలు, పేర్లు కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కాబట్టి, అక్కర్లేని ఆధార్ కాపీలు అసలు సేకరించకపోవడమే క్షేమం. బ్యాకప్ ఫైల్ కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి. అసలు డేటాబేస్‌కి పది తాళాలు వేసి, డంప్‌ని పెన్‌డ్రైవ్‌లో జేబులో పెట్టుకొని తిరిగేవాళ్లు ఉన్నారు.

అప్లికేషన్ వాడే లాగిన్‌కి టేబుల్ డ్రాప్ చేసే హక్కు ఉండకూడదు. చేత్తో దిద్దాల్సి వస్తే ముందు బిగిన్, తర్వాత అప్‌డేట్, ఎన్ని వరుసలు మారాయో చూసి, మీరు అనుకున్న అంకె అయితేనే కమిట్. కాకపోతే రోల్‌బ్యాక్. అసలు సర్వర్ విండోకి ఎర్ర రంగు పెట్టుకోండి.

చివరిది, చాలా కమిటీల్లో జరిగేది. సిస్టమ్ తయారుచేసిన అబ్బాయికి రియాద్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగం వస్తుంది. సర్వర్ అతని సొంత మెయిల్ మీద, డొమైన్ అతని కార్డు మీద, ఓటీపీ అతని పాత సిమ్‌కి. ఏడాది తర్వాత రెన్యూవల్ ఆగి సైట్ మూతపడుతుంది. ఖాతాలన్నీ సంస్థ మెయిల్ మీద, సంస్థ పేరుతో కొన్న నంబర్ మీద తెరవాలి. అడ్మిన్ పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ కీ, తిరిగి తెచ్చే పద్ధతి రాసిన రెండు పేజీలు సీల్ చేసిన కవర్లో సదర్, ఖజాంచీ ఇద్దరూ సంతకం పెట్టి లాకర్లో ఉంచాలి. పాస్‌వర్డ్ మారిన రోజే కవర్ మార్చాలి. ఆ రెండు పేజీలు చదివి కొత్త అబ్బాయి ఒక్కడే బ్యాకప్ తిరిగి ఎక్కించగలడో లేదో, పాతవాడు విమానం ఎక్కకముందే ఒకసారి చేయించి చూడండి.